మావాడింటికి మెట్లు లేవు

మా గూడెంలో రోగాన్ని రోగం అనరు. "వొంట్లో బాగలేదు" అంటారు. అదీ మంచం మీంచి లేవలేనప్పుడే. నడవగలిగితే బాగున్నట్టే. పనికి పోగలిగితే నిక్షేపంగా ఉన్నట్టే. మా అమ్మ నలభై ఏళ్లు నడుంనొప్పితోనే నాట్లేసింది, కలుపు తీసింది. ఆ నొప్పికి వొక పేరుంటుందనీ, దాన్ని ఫొటో తీసి చూస్తారనీ ఆమెకి తెలీదు. మా అయ్య దగ్గి దగ్గి పోయాడు. అది ఏం దగ్గో ఏ డాక్టరూ కాగితం మీద రాయలేదు. ఊళ్లో ఆసాములు పోతే ఫలానా జబ్బుతో ఫలానా ఆసుపత్రిలో అని పేపర్లో ఫొటో పడుతుంది. మావాళ్లు వొట్టినే పోతారు. కారణం ఉండదు, కాగితం ఉండదు.

ఎందుకీ కాగితాల గోల అంటారా? నేను రాయబోయేది వొక కాగితం గురించే. ఆ కాగితంలో ఉన్నది అబద్ధం. దాని కింద ఉన్నది నా సంతకం.

నేను మాదిగోణ్ణి. గుంటూరు జిల్లాలో వొక సర్కారు బడిలో పంతుల్ని. 2012లో నాకు షుగరని తేలింది. అప్పటికి నలభై రెండేళ్లు. పరీక్ష చేసిన డాక్టరు నా కాగితం చూసి, నా మొహం చూసి, "మీవాళ్లు అన్నం ఎక్కువ తింటారండీ, అలవాట్లు మార్చుకోవాలి" అన్నాడు. "మీవాళ్లు" అంటే ఎవరో ఆయన చెప్పలా, నేను అడగలా. ఇద్దరికీ తెలుసు.

అన్నం ఎక్కువ తింటామంట! నేను కడుపులో ఉన్నప్పుడు మా అమ్మ తొమ్మిదో నెల దాకా పొలంలో ఉంది. పొద్దున గంజి, రాత్రికి దొరికితే జొన్న సంకటి. తర్వాత్తర్వాత పుస్తకాలు తిరగేశా. తల్లి కడుపులో ఉండగా తిండి చాలని బిడ్డకి పెద్దయ్యాక షుగరు వొచ్చే ముప్పు ఎక్కువని ఇంగ్లండు వైద్యుడు డేవిడ్ బార్కరూ ఆయన తోటివాళ్లూ 1990ల మొదట్లోనే రాశారు. మన పుణెలో డాక్టర్ యాజ్ఞిక్ బృందం పసిపిల్లల్ని కొలిచి చూసి, మన పిల్లలు బరువు తక్కువగా పుట్టినా వొంట్లో కొవ్వు పాలు ఎక్కువగా ఉంటోందని చెప్పింది. అంటే మా అమ్మ తినని బువ్వ కూడా నా జబ్బులో ఉంది. నా కేసు షీటులో "అలవాట్లు" అని వొక గడి ఉంది. మా అమ్మకి రోజుకి కూలెంత ఇచ్చారనే గడి లేదు. అంబేద్కర్‌కీ షుగరుండేది. లండన్‌లో అర్ధాకలితో చదువుకున్న ఆ మనిషి ఏ అన్నం కుండ ఖాళీ చేశాడని వొచ్చింది?

గడి లేనిది కాగితం మీదికి రాదు. కాగితం మీదికి రానిది జరగనట్టే. ఈ ముక్క నాకు నా షుగరు కొంత నేర్పింది. మిగతాది నా నేస్తం నడుం విరిగాక తెలిసొచ్చింది.

వాడి పేరు రాయను. రాయొద్దన్నాడు. వాడి పెళ్లాం ఇంకా ఊడ్పు పనికి పోతోంది, ఆ పనిచ్చేది కూడా అట్టాంటి కంట్రాక్టరే. కాబట్టి వాణ్ణి "మావాడు" అంటా. వాడూ నేనూ వొకే గూడెం, వొకే బడి, వొకే పలక. లెక్కల్లో నాకంటే వాడే చురుకు. ఏడో తరగతిలో వాళ్ల అయ్య పోయాడు. బడి మానేసి పట్నంలో పాకీ పనికి పోయాడు. 1986లో నా పదో తరగతి పరీక్ష ఫీజు కట్టింది వాడు. లెట్రిన్ గుంటలు ఎత్తిన డబ్బుతో కట్టాడు. ఆ సర్టిఫికెట్టుతోనే నేను ఇవాళ సంతకం పెట్టే మనిషినయ్యా. వాడు ముప్పై ఏడేళ్ల పైన గోతుల్లోకి దిగుతూనే ఉన్నాడు.

2024 మే నెల. పొద్దున పరగడుపున ల్యాబులో రక్తమిచ్చి బెంచీ మీద కూర్చున్నా. ఫోనొచ్చింది. మావాడి పెళ్లాం. "అన్నయ్యా, ఆయన గోతిలో పడ్డాడంట. ఆటోలో తెస్తున్నారంట, నువ్వు రా అన్నయ్యా" అని ఏడుస్తోంది. టిఫిన్ తినకుండానే లేచి పోయా.

తర్వాత తెలిసిన సంగతి ఇది. అయిదంతస్తుల అపార్టుమెంటు. బండొచ్చి సెప్టిక్ ట్యాంకులో నీళ్లు పీల్చుకుపోయింది. అడుగున గట్టిపడ్డ మడ్డి పైపుకి రాదు. దాన్ని పారతో కదిలించాలి. కదిలించడానికి మనిషి దిగాలి. దిగే మనిషెవరో ఈ దేశంలో ఎవరూ ఎవర్నీ అడగక్కర్లేదు. మావాడు దిగాడు. మూతికి తువ్వాలు, నడుముకి తాడు కూడా లేదు. మడ్డి కదిలిస్తే దాంట్లో ఇరుక్కున్న గాలి పైకి లేస్తుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ అంటారు. మొదట కుళ్లిన గుడ్డు వాసనొస్తుంది. ఎక్కువైతే ముక్కు మొద్దుబారి ఆ వాసన తెలియడం ఆగిపోతుంది. కంపు పోయిందని మనిషి అనుకుంటాడు, పోయేది ముక్కు. దాని వెనకే మనిషి. మావాడికి ఆ సంగతి పుస్తకం లేకుండానే తెలుసు. కంపు ఆగగానే పైకెక్కడం మొదలుపెట్టాడు. సగం నిచ్చెన ఎక్కాక కళ్లు తిరిగి వెనక్కి పడ్డాడు. ట్యాంకు మధ్యలో ఉండే అడ్డగోడ అంచుకి నడుం కొట్టుకుంది.

పైనున్న ఇద్దరు కుర్రాళ్లు తెగించి దిగి, చంకల కింద తాడేసి మూటని లాగినట్టు లాగారు. వెన్ను విరిగినవాణ్ణి అట్టా లాగకూడదు. ఆ పిల్లలకి ఎవరు చెప్పారు? వాళ్లని తిట్టేవాళ్లకి చెబుతున్నా, వాళ్లు లేకపోతే మావాడు ఇవాళ ఫొటోలో ఉండేవాడు.

ఆసుపత్రి గుమ్మం దగ్గర ఆపేశారు. ముక్కులు మూసుకున్నారు. "ముందు బయట కడిగి తీసుకురండి" అన్నారు. ఆసుపత్రి ఊడ్చే పెద్దావిడ, మనావిడే, రబ్బరు పైపు పట్టుకొచ్చి "పక్కకి జరగండయ్యా" అని తన తువ్వాలుతో వాడి మొహం తుడిచింది. ఆ రోజు వాణ్ణి మనిషిలాగా ముట్టుకున్నది ఆవిడొక్కతే. గచ్చు మీద వాణ్ణి అటు దొర్లించి ఇటు దొర్లించి కడిగాం. "కాళ్లు యాడున్నయ్‌రా, నా కాళ్లు యాడున్నయ్" అంటున్నాడు. అయినా దొర్లించాం. దొర్లించిన చేతుల్లో నా చేతులూ ఉన్నాయి.

లోపల రిజిస్టరు తెరిచారు. దెబ్బ ఎట్టా తగిలింది? నేను నోరు తెరిచేలోగా కంట్రాక్టరు మనిషి నన్ను పక్కకి లాగాడు. "మేస్టారూ, చదువుకున్నోరు మీకు చెప్పేదేముంది. పోలీసు కేసంటే వాళ్లు రావాలి, రాసుకోవాలి, ఈలోపు మనిషి పోతాడు. ఇంట్లో మెట్ల మీంచి జారిపడ్డాడంటే ఇప్పుడే లోపలికి తీసుకుంటారు. ఖర్చంతా మా ఓనరు చూసుకుంటాడు" అన్నాడు. డ్యూటీలో ఉన్నాయన తలెత్తలేదు. మనిషంతా మలం కంపు కొడుతుంటే ఇంట్లో మెట్ల మీంచి ఎట్టా జారాడని అడగలేదు. "మెట్ల మీంచి జారిపడ్డాడు, అంతేగా?" అన్నాడు. రాసుకున్నాడు. రిజిస్టరు నా వైపు తిప్పాడు.

నేను సంతకం పెట్టా.

నాకు అప్పటికి కళ్లు తిరుగుతున్నాయి, చెమటలు పడుతున్నాయి, పరగడుపున ఉన్నా. ఇవన్నీ నిజమే. కానీ షుగరు మీద నెపం పెట్టను. భయపడ్డా. వాడు పోతాడని భయం, స్టేషన్ అంటే భయం, ఉద్యోగం అంటే భయం. మూడు తరాల భయం ఆ పెన్ను పట్టుకుంది. దానికి తోడు అజ్ఞానం. కేసు తర్వాత, వైద్యం ముందు, దెబ్బ తిన్నవాడు ఎవడైనా సరే ప్రాణం కాపాడటమే డాక్టరు మొదటి పని అని సుప్రీంకోర్టు పరమానంద్ కటారా కేసులో 1989లోనే చెప్పింది. ముప్పై అయిదేళ్లయింది. పిల్లలకి పౌరశాస్త్రం చెప్పే నాకు ఆ సంగతి తెలీదు. కంట్రాక్టరు మనిషికి మాత్రం నాకు తెలీదన్న సంగతి తెలుసు.

జారిపడటం. ఈ మాట ఎంత మెత్తగా ఉందో చూడండి. జారితే కాలు తప్పు, తడి తప్పు, మనిషి ఏమరుపాటు తప్పు. దింపినవాడు మాటలోంచే మాయమైపోతాడు. 2013 చట్టం ఏడో సెక్షను మురుగు కాలవల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో మనిషి చేత ప్రమాదకరంగా శుభ్రం చేయించడం నిషేధమంది. మునిసిపాలిటీయే కాదు, కంట్రాక్టరే కాదు, ఏ మనిషీ చేయించకూడదంది. మొదటిసారి నేరానికే రెండేళ్ల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. "గోతిలోకి దింపారు" అని రాస్తే అది నేరం. "జారిపడ్డాడు" అని రాస్తే అది వాడి ఖర్మ. రెండు మాటల మధ్య ఉన్నది నా సంతకమే.

అంబేద్కర్ తన జ్ఞాపకాల్లో రెండు సంగతులు రాసిపెట్టాడు. రెండూ వొంటికి సంబంధించినవే. 1929లో చాలీస్‌గావ్ స్టేషన్లో దిగితే అంటరానివాణ్ణి ఎక్కించుకుని టాంగా తోలేందుకు ఏ టాంగావాడూ వొప్పుకోలేదు. చివరికి బండి మాత్రం బాడుగకి ఇచ్చారు. తోలడం రాని మహర్ మనిషి తోలాడు. వంతెన మీద చక్రం ఇరుక్కుని గుర్రం, బండి ఏట్లో పడ్డాయి. అంబేద్కర్ రాళ్ల మీద పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. దాన్ని ఎవరైనా రిజిస్టర్లో రాస్తే ఏం రాసేవారు? బండి బోల్తా పడింది అని. ఆయన అట్టా రాసుకోలేదు. టాంగావాళ్లు ఎందుకు రాలేదో రాశాడు. కాలు విరిచింది రాయి కాదు, కులం అని ఆ పేజీ చదివిన ప్రతివాడికీ అర్థమౌతుంది.

రెండోది కాఠియావాడ్‌లో వొక దళిత ఉపాధ్యాయుడి ఉత్తరం. 1929 డిసెంబరులో గాంధీ నడిపిన యంగ్ ఇండియాలో అచ్చయింది. బాలింత భార్యకి జబ్బు చేస్తే డాక్టరు ఇంట్లోకి రాలేదు. ఆమెని బయటికి తెమ్మన్నాడు. థర్మామీటరు వొక ముస్లిం చేతికిచ్చాడు, ఆయన భర్తకిచ్చాడు, భర్త భార్యకి పెట్టాడు. డాక్టరు ఆమెని ముట్టుకోలేదు. ఆమె చనిపోయింది. అది తొంభై ఏళ్ల కిందటి మాట, ఇప్పుడవన్నీ ఎక్కడున్నాయి అనే మేధావులు మా ఆసుపత్రి గుమ్మం ముందున్న పంపు దగ్గరికి రండి. థర్మామీటరు పోయి రబ్బరు పైపొచ్చింది.

ఇప్పుడు మావాడి సంగతి. పెద్దాసుపత్రిలో నడుంలో రాడ్లేశారు. నడుం కింద స్పర్శ రాలేదు. మూత్రానికి పైపు, సంచి. రెండు గంటలకోసారి పక్క మార్చాలి, లేకపోతే పడక పుళ్లు పడతాయి. చెప్పడానికి వొక్క వాక్యం. రాత్రి పదికి, పన్నెండుకి, రెండుకి, నాలుగుకి లేచి డెబ్బై కిలోల మనిషిని వొక్క ఆడమనిషి తిప్పడం వాక్యం కాదు. తెల్లారి అయిదింటికి ఆమె చీపురు పట్టుకుని పోవాలి. ఆమె పోయి వొచ్చేదాకా వాడు వొకే పక్కన ఉంటాడు. మూడో నెలలో పిరుదు మీద పుండు పడింది. ఎముక కనపడేంత. కంట్రాక్టరు ఇరవై రెండు రోజులు బిల్లు కట్టాడు. ఇరవై మూడో రోజు ఫోను ఎత్తలేదు.

అర్జీ పెట్టాం. 2023 అక్టోబరు 20న సుప్రీంకోర్టు బల్‌రాం సింగ్ కేసులో, మురుగు పనిలో చచ్చిపోతే ముప్పై లక్షలు, బతికి జన్మంతా అవిటివాడైతే ఇరవై లక్షలకి తక్కువ కాకుండా ఇమ్మంది. ఆ కాగితం జత చేశాం. ఆఫీసులో గుమాస్తా చదివాడు. తర్వాత ఆసుపత్రి కాగితం చదివాడు. "మెట్ల మీంచి జారిపడ్డాడని ఉందిగదండీ. సాక్షి సంతకం కూడా ఉంది" అన్నాడు. సంతకం చూసి నా మొహం చూశాడు. అపార్టుమెంటువాళ్లు కంట్రాక్టరుకి చెప్పాం అన్నారు. కంట్రాక్టరు ఆ మనిషెవరో తెలీదన్నాడు. మునిసిపాలిటీ అది ప్రైవేటు పని అంది. అందరి చేతులూ శుభ్రంగా ఉన్నాయి. మురికంతా మావాడి వొంటి మీదే.

ఆ రోజు సాయంత్రం వాడి పక్కన కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పా. అప్పటిదాకా వాడికి చెప్పలేదు. వాడు చాలాసేపు గోడ వైపు చూశాడు. తర్వాత అడిగాడు.

"ఏరా, మనింటికి మెట్లు యాడున్నయ్‌రా?"

వాడిది కాలనీలో వొక్క గది ఇల్లు. గుమ్మం నేలకి ఆనుకుని ఉంటుంది. వానొస్తే నీళ్లు లోపలికే. వాడింటికి మెట్లు లేవు. నేను ఆ ఇంట్లో వెయ్యిసార్లు అన్నం తిన్నా. సంతకం పెట్టేటప్పుడు నాకు ఆ ఇల్లు గుర్తుకు రాలేదు.

ఇక మన సంగతి మాట్లాడుకుందాం. నాతో పాటు మీటింగులకి తిరిగిన మిత్రులారా, మీకు కోపమొచ్చినా సరే. నేను పాతికేళ్లుగా సంఘంలో ఉన్నా. కారంచేడు 1985, చుండూరు 1991 మీద గంటసేపు మాట్లాడగలను. అక్కడ చనిపోయినవాళ్ల పేర్లు నాకు నోటికొచ్చు. దెబ్బలు తిని బతికినవాళ్ల పేర్లు వొక్కటీ రావు. వాళ్లు తర్వాత ఎట్టా నడిచారో, నడవలేదో, పుండ్లు ఎవరు కడిగారో నాకు తెలీదు. మనకి స్థూపం కట్టడం వొచ్చు. పక్క మార్చడం రాదు. గోతిలో మనిషి చస్తే మనం ధర్నా చేస్తాం, చెయ్యాలి కూడా. బతికితే పరామర్శకి అరడజను బత్తాయిలు పట్టుకుపోయి ఫొటో దిగి వొస్తాం. చచ్చినవాడికి నినాదం ఉంది. బతికినవాడికి మూత్రం సంచి ఉంది. మావాడు పోయుంటే సంవత్సరీకానికి నన్నే మాట్లాడమనేవారు. నేను బాగానే మాట్లాడేవాణ్ణి, నా సంతకం సంగతి తప్ప.

1993 నుంచి మురుగులో చనిపోయినవాళ్లని లెక్క తేల్చి కుటుంబానికి పది లక్షలివ్వమని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ లెక్క తేల్చమని సఫాయి కర్మచారీ ఆందోళన్ ఏళ్ల తరబడి కొట్లాడింది. ఆ లెక్కే ఇంకా సరిగా తేలలేదు. మరి బతికి మంచానపడ్డవాళ్ల లెక్క? ముక్కులు, ఊపిరితిత్తులు, కళ్లు, నడుములు పోయినవాళ్ల లెక్క? ఎక్కడ చూసినా జారిపడ్డవాళ్లే, తాగి పడ్డవాళ్లే, అలవాట్లు బాగాలేనివాళ్లే. "యంత్రాలు లేవండీ" అంటారా? 2017లోనే హైదరాబాదు జలమండలి ఇరుకు సందుల్లో దూరే చిన్న మురుగు యంత్రాల్ని డెబ్బై తెచ్చి పెట్టింది. యంత్రం ఉంది. దానికంటే మనిషి చవక, అంతే సంగతి. మాదిగోడు, రెల్లోడు, యానాదోడు డీజిల్ అడగరు.

2025 జనవరిలో నేను కలెక్టరాఫీసులో, పోలీసు స్టేషన్లో రాతపూర్వకంగా ఇచ్చా. ఆ సంతకం నాదేననీ, దాని పైనున్నది అబద్ధమనీ, ఆ మనిషిని గోతిలోకి దింపి పని చేయించారనీ, తాడేసి లాగిన ఇద్దరూ సాక్ష్యం చెబుతారనీ. "సర్కారు ఉద్యోగివి, తప్పుడు సాక్ష్యం పెట్టానని నువ్వే రాసిస్తావా, బుద్ధుందా?" అన్నారు తెలిసినవాళ్లు. ఉద్యోగం పోతే పోనీ అని గొప్పలు చెప్పను. పోతుందేమోనని రాత్రిళ్లు నిద్రపట్టడం లేదు, షుగరు పెరిగింది, బిళ్లల నుంచి ఇంజక్షన్‌కి మార్చారు. డాక్టరు మళ్లీ అలవాట్ల గురించే అడిగాడు. ఈసారి చెప్పా: "అలవాటు వొకటుందండీ. చదవకుండా సంతకం పెట్టడం. మానేశా."

చదువుకుంటున్న తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! మన వాడల్లో దెబ్బ తిన్న మనిషిని తీసుకుని ఆసుపత్రికి పోయేది మీరే. రిజిస్టరు మీ వైపే తిప్పుతారు, ఎందుకంటే మీకే సంతకం వొచ్చు. వైద్యం ముందు, కేసు తర్వాత అని గట్టిగా అడగండి. ఎక్కడ దెబ్బ తగిలిందో, ఏ పనిలో తగిలిందో, ఆ పనికి ఎవరు పంపారో మూడూ రాయించండి. రాసింది చదివి సంతకం పెట్టండి. గాయాల సర్టిఫికెట్టు నకలు అడిగి తెచ్చుకోండి. పైకి లాగేటప్పుడు నడుం వొంచకుండా బల్ల మీద పడుకోబెట్టండి. తర్వాత ధర్నా చెయ్యండి. ధర్నా అయ్యాక ఇంటికి పోకుండా, రాత్రి రెండు గంటల వంతు ఎవరిదో రాసుకోండి. మా గూడెంలో ఇప్పుడు ఏడుగురం రాసుకున్నాం. ఆదివారం, బుధవారం నావి. పుండు మానుతోంది.

ఈ వ్యాసం అచ్చుకి పంపే ముందు మావాడికి చదివి వినిపించా. ఫీజు కట్టిన సంగతి తీసెయ్యమన్నాడు. తియ్యలేదు. కంట్రాక్టరు మీద తిట్లు ఇంకొన్ని కలపమన్నాడు. అవి అచ్చులో పట్టవన్నా. చివరికి, "కాగితం మారుస్తారంటావా?" అన్నాడు. తెలీదన్నా. అర్జీ ఇంకా బల్లల మీద తిరుగుతోంది. టైము చూస్తే పది కావొస్తోంది. పుస్తకం పక్కన పెట్టి, దుప్పటి తీసి, వాణ్ణి ఎడమ పక్కకి తిప్పా.